చంద్రయానమును ఔత్సాహికులును

చంద్రుని చేరుట మహారాజ్యములకు మాత్రమే సాధ్యమగు కార్యమా, లేక కొద్దిపాటి ధనముతో, జీతము కోరని శ్రమతో కొందరు ఔత్సాహికులు కూడ చేయదగినదా అను ప్రశ్న నూరేండ్లుగా మరల మరల వినవచ్చుచున్నది. ఒక్కొక్క తరము దానికి ఒక్కొక్క విధముగా సమాధానము చెప్పినది. మొదటి తరము వారిని లోకము పిచ్చివారన్నది. తరువాతి తరము వారిని సైన్యములు పిలిచి కొలువిచ్చినవి. ఇటీవలి తరమునకు ధనవంతులు బహుమానములు ప్రకటించినారు. ఈ మూడు దశలను వరుసగా పరిశీలించినగాని ప్రశ్నలోని అసలు చిక్కు ఎక్కడ ఉన్నదో బోధపడదు.

‘ఔత్సాహికుడు’ అను మాటయే ఆలోచింపదగినది. ఆలంకారికులు ఉత్సాహమును వీరరసమునకు స్థాయీభావముగా చెప్పినారు. ఆ లెక్కను ఔత్సాహికుడు వీరుల జాతివాడు. కాని వాడుకలో ఆ మాటకు కొంత చులకన కూడ అంటుకొన్నది. వృత్తిగా అభ్యసింపనివాడు, సాధనసంపత్తి లేనివాడు, సరదాకు పూనుకొన్నవాడు అను అర్థమున కూడ దానిని ప్రయోగించుచున్నారు. రాకెట్ల చరిత్రలో ఈ రెండర్థములును తరచుగా ఒకే మనుష్యునియందు కనబడును.

రష్యాదేశమున కలూగా అను చిన్న పట్టణమున కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ అను బడిపంతులు ఉండెడివాడు. బాల్యముననే జబ్బుచేసి చెవులు దాదాపుగా వినబడకపోయినవి. ఆయన 1903లో ప్రకటించిన వ్యాసము అంతరిక్షయానమునకు గణితపు పునాది వేసినది. ఆయన సూత్రమును సామాన్యభాషలో ఇట్లు చెప్పవచ్చును: రాకెట్టునకు కావలసిన వేగము కూడికగా పెరిగినచో, దానికి కావలసిన ఇంధనము గుణకారముగా పెరుగును. హెర్మన్ ఓబెర్త్ కూడ ఉపాధ్యాయుడే. గ్రహాంతరయానమునకు రాకెట్టును సాధనముగా నిరూపించుచు ఆయన వ్రాసిన సిద్ధాంతవ్యాసమును విశ్వవిద్యాలయము అంగీకరింపలేదు. ఆయన దానినే 1923లో పుస్తకముగా వెలువరించినాడు. అమెరికాలో రాబర్ట్ గొడార్డ్ అను భౌతికశాస్త్రాచార్యుడు చంద్రునిపైకి రాకెట్టును పంపి, అక్కడ మెరుపుపొడి పేల్చి భూమినుండి చూడవచ్చునని వ్రాయగా, 1920 జనవరిలో న్యూయార్కు టైమ్సు పత్రిక ఆయనకు పాఠశాలలో చెప్పెడి భౌతికశాస్త్రము కూడ తెలియదని పరిహసించినది. 1926 మార్చి 16న ఆయన ఒక పొలములో ఎగురవేసిన ద్రవ ఇంధనపు రాకెట్టు రెండున్నర సెకండ్లు మాత్రమే మండి, 41 అడుగుల ఎత్తున ఎగిరి, కొంతదూరములో నేలబడినది. ఆ పత్రిక తన పొరపాటును 1969 జూలై 17న, మానవులు చంద్రునికి బయలుదేరిన మరునాడు, సవరించుకొన్నది. గొడార్డ్ అప్పటికి చనిపోయి దాదాపు ఇరువదినాలుగేండ్లయినది.

ఈ మువ్వురి పుస్తకములును చదివినవారు సంఘములుగా ఏర్పడినారు. 1927 జూలైలో జర్మనీలోని బ్రెస్లౌ నగరమున, ఒక పానశాలలో కొందరు కూడి అంతరిక్షయాన సంఘమును స్థాపించినారు. 1930లో ఆ సంఘమువారు బెర్లిను శివార్లలో పాడువడిన మందుగుండు కొట్ల స్థలమును సంపాదించి, దానికి రాకెట్ విమానాశ్రయమని ఘనమైన పేరు పెట్టినారు. అది ఆర్థికమాంద్యపు కాలము. పని లేని యంత్రకారులు ఉండుటకు గది, తినుటకు గంజి దొరికిన చాలునని అక్కడికి చేరినారు. కర్మాగారములనుండి లోహపు ముక్కలు, తీగలు, పనిముట్లు అడిగి తెచ్చుకొని వారు పదుల సంఖ్యలో రాకెట్లను ఎగురవేసినారు. తక్కువ ధనముతో చంద్రయానము అను ఊహ ఆచరణకు అంత దగ్గరగా వచ్చిన సన్నివేశము అంతకుముందు లేదు.

అటుపిమ్మట జరిగినది ఈ చరిత్రలోకెల్ల విషాదకరమైన ఘట్టము. సంఘమునకు డబ్బు చాలలేదు. జర్మను సైన్యమునకు, మొదటి యుద్ధానంతరపు సంధి నిషేధింపని ఆయుధమొకటి కావలసియుండెను. 1932లో ఆ సంఘపు యువసభ్యుడు వెర్న్‌హెర్ ఫాన్ బ్రౌన్ సైన్యపు కొలువులో చేరినాడు. రెండేండ్లు తిరుగకముందే సంఘము మూతబడినది. 1942 అక్టోబరు 3న సైన్యపు రాకెట్టు అంతరిక్షపు అంచును తాకినది. కాని ఆ రాకెట్టు లండనుమీదను, ఆంట్వెర్పుమీదను బాంబులు మోసికొనిపోవుటకు తయారైనది. దానిని భూగర్భపు కర్మాగారములలో నిర్మించినవారు నిర్బంధశిబిరముల ఖైదీలు. ఆకలితో, రోగముతో, కొరడాదెబ్బలతో వారు వేలకొలది చనిపోయినారు. చంద్రుని చూచి ముచ్చటపడి మొదలుపెట్టిన పని ఆ గుహలలో తేలినది.

మాస్కోలో 1931లో ఏర్పడిన రాకెట్ అధ్యయన బృందమువారు సాయంకాలములందు ఒక నేలమాళిగలో పనిచేసెడివారు. తమ బృందపు పేరులోని పొడి అక్షరములకు, ఉచితముగా పనిచేయు ఇంజనీర్ల గుంపు అని తామే హాస్యార్థము కల్పించుకొన్నారు. 1933 ఆగస్టు 17న వారి తొలి రాకెట్టు సుమారు 400 మీటర్లు లేచినది. ఆ సంవత్సరముననే ప్రభుత్వము వారిని తన సంస్థలో కలుపుకొన్నది. బృందనాయకుడు సెర్గేయ్ కొరొల్యోవ్ 1938లో అబద్ధపు నేరారోపణపై నిర్బంధింపబడి శ్రమశిబిరమునకు పంపబడినాడు. బ్రతికి బయటపడిన ఆయన ఆధ్వర్యముననే 1957లో తొలి ఉపగ్రహము కక్ష్యలో చేరినది. 1959 సెప్టెంబరు 14న మానవనిర్మితమైన వస్తువు తొలిసారి చంద్రుని తాకినది. నేలమాళిగలోని ఔత్సాహికుడు చంద్రుని చేరినాడనుట అబద్ధము కాదు. కాని చేరునప్పటికి ఆయన ఔత్సాహికుడుగా మిగులలేదు. జీవించియున్నంతకాలము ఆయన పేరు కూడ రాజ్యరహస్యముగనే ఉండినది.

ఇంగ్లండులో కథ వేరుగా నడచినది. 1933 అక్టోబరులో లివర్‌పూలు నగరమున ఏర్పడిన బ్రిటిష్ గ్రహాంతర సంఘమువారు రాకెట్టును కాల్చుటకే వీలులేకపోయినది. 1875 నాటి పేలుడుపదార్థముల చట్టము అడ్డువచ్చినది. కాల్చుట నిషిద్ధమైనను గణించుటకు నిషేధము లేదు. వారు మువ్వురు మనుష్యులను చంద్రునిపై దింపి తిరిగి తెచ్చు నౌకను కాగితముపై నిర్మించి 1939లో ప్రకటించినారు. చిన్న చిన్న ఘన ఇంధనపు రాకెట్లను వేలకొలది గుత్తులుగా కట్టి, కాలిన వరుసను కాలినట్లే జారవిడుచుచు పోవలెనన్నది వారి పథకము. దిగుటకు కాళ్లు, యాత్రికులు పడుకొనుటకు వాలుపడకలు, తిరుగుచున్న నౌకనుండి నక్షత్రములను నిలకడగా చూచుటకు అద్దముల పరికరము, అన్నిటిని వారు ఆలోచించినారు. చేతనున్న సొమ్ముతో అద్దముల పరికరము వంటి ఒకటి రెండు వస్తువులను మాత్రము తయారు చేయగలిగినారు. ఆ బృందములోని ఆర్థర్ క్లార్కు 1956లో సింహళమునకు వచ్చి, 2008లో మరణించువరకు అక్కడనే నివసించినాడు. ఆ కాగితపు నౌక ఎన్నడును ఎగురలేదు. ఎవనిని చంపను లేదు. ఆలోచన యొక్కటియే మిక్కిలి చవుకగా చంద్రుని చేరు వాహనమని ఆ సంఘము నిరూపించినది.

భారత ఉపఖండమునకు రాకెట్టు కొత్తది కాదు. హైదరలీ, టిప్పు సుల్తానుల సైన్యములు ఇనుపగొట్టములలో మందు దట్టించిన బాణములను ప్రయోగించినవి. 1780లో పొల్లిలూరు యుద్ధమున వాటి దెబ్బ ఎరిగిన ఆంగ్లేయులు, తరువాత వాటిని తమ దేశమునకు కొనిపోయి, చూచి, తమకు తగినట్లు మార్చుకొన్నారు. కాని యుద్ధముతో సంబంధము లేని రాకెట్టును ఈ దేశమున పట్టుదలతో సాగించిన ఔత్సాహికుడు స్టీఫెన్ స్మిత్. షిల్లాంగులో 1891లో పుట్టి, కలకత్తాలో దంతవైద్యము చేయుచుండిన ఆంగ్లో ఇండియను ఆయన. విమానముల తపాలాపై మక్కువ గలవారి సంఘమునకు కార్యదర్శి. 1934 సెప్టెంబరు 30న గంగాసాగర సంగమము దగ్గర ఓడమీదినుండి సాగరద్వీపమునకు ఆయన వేసిన తపాలా రాకెట్టు నడుమ పేలిపోయి, ఉత్తరములు చెల్లాచెదరైనవి. ఆయన అధైర్యపడలేదు. కలకత్తాలోని బాణసంచా తయారీదారులచేత రాకెట్లు చేయించుకొని పది సంవత్సరములలో రెండువందలకు పైగా ప్రయోగములు చేసినాడు.

1935లో సిక్కిం మహారాజు ఆదరణ లభింపగా, స్మిత్ ఆ కొండసీమలో నదులు దాటించి ఉత్తరములను, చిన్న చిన్న ఆహారపు పొట్లములను పంపి చూపినాడు. కొండచరియలు విరిగిపడినప్పుడును, వరదలు వచ్చినప్పుడును తెగిపోయిన ఊళ్లకు మందులు పంపుట ఆయన తలంపు. ఆ సంవత్సరమే జూన్ నెలలో ఒక కోడిపుంజును, ఒక పెట్టను రాకెట్టులో కూర్చుండబెట్టి దామోదరనదిని దాటించగా, అవి రెండును ప్రాణములతో ఆవలి ఒడ్డున దిగినవి. ఆయన 1951లో చనిపోయినాడు. భారత తపాలాశాఖ 1992లో ఆయన స్మారకముగా బిళ్ల విడుదల చేసినది. స్మిత్ చంద్రునిగూర్చి పథకములు వేయలేదు. ఆయన రాకెట్లు బాణసంచాకు దగ్గరివి. అయినను తక్కువ ధనముతో చేయు పనికి ప్రయోజనమెక్కడ ఉన్నదో ఆయనకు స్పష్టముగా తెలిసియుండినది. ఏరు దాటని ఉత్తరమును దాటించుటయే ఆయన చంద్రయానము.

స్వతంత్రభారతమున రాకెట్టు పని ప్రభుత్వముది అయినది. కాని దాని బాల్యమునందు ఔత్సాహికుల పోలికలే కనబడును. 1963 నవంబరు 21న తిరువనంతపురము దగ్గర తుంబా అను జాలరిపల్లెనుండి తొలి రాకెట్టు ఎగిరినది. అక్కడి చర్చి కార్యాలయమైనది. రాకెట్టు భాగములను సైకిలుపై తీసికొనిపోయిరని నేటికిని చెప్పుకొందురు. ఆ ఛాయాచిత్రమును చూచి ఇంత తక్కువతో ఎంత సాధించిరని ఆశ్చర్యపడువారు, ఆ దినమున ఎగిరిన రాకెట్టు అమెరికానుండి వచ్చినదని, దాని వెనుక విక్రమ్ సారాభాయి సమకూర్చిన ప్రభుత్వ సహాయము, అంతర్జాతీయ సహకారము ఉన్నవని మరవరాదు. తరువాత ఆంధ్రదేశపు తూర్పుతీరమున, పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోట ప్రయోగకేంద్రమైనది. 1979 ఆగస్టు 10న అక్కడినుండి బయలుదేరిన తొలి ఉపగ్రహవాహనము సముద్రమున కూలినది. 1980 జూలై 18న రెండవ వాహనము 35 కిలోల రోహిణిని కక్ష్యలో నిలిపినది. మొదటి ఓటమికిని రెండవ ప్రయత్నమునకును నడుమ పదకొండు నెలలు. ఆ పదకొండు నెలలును జీతములు ఆగలేదు, కర్మాగారములు మూతబడలేదు. ఈ సంగతి ముందుకు అవసరమగును.

2008 అక్టోబరు 22న శ్రీహరికోటనుండియే చంద్రయాన్–1 బయలుదేరినది. దాని వ్యయము 386 కోట్ల రూపాయలు. చంద్రతలమున నీటి జాడలను కనుగొనుటలో దానికి భాగము కలదు. ఇతరదేశముల వ్యయముతో పోల్చి లోకము దానిని మిక్కిలి చవుకయైన యాత్ర అన్నది. అది నిజమే. కాని ఆ 386 కోట్లలో తుంబా చర్చి లేదు. 1979 నాటి ఓటమి లేదు. నలుబదియైదేండ్లు నేర్చుకొన్న విద్య వెల లేదు. పండినచెట్టు కాయ వెలను చెప్పి, నాటినవాని శ్రమను లెక్కలో విడిచినట్లు ఆ అంకె నిలిచినది.

ఇక ప్రకృతి విధించిన లెక్కను చూడవలెను. ఔత్సాహికుల రాకెట్లు నేడు అంతరిక్షపు ఎల్లను తాకుచున్నవి. 2004 మే 17న అమెరికాలోని ఒక ఔత్సాహిక బృందపు రాకెట్టు సుమారు 116 కిలోమీటర్ల ఎత్తునకు పోయినది. 2019లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విద్యార్థులు నూరు కిలోమీటర్లను దాటించినారు. 2024లో అదే విద్యార్థిబృందము 140 కిలోమీటర్లను మించినది. డెన్మార్కులో 2008లో ఏర్పడిన ఒక స్వచ్ఛందబృందము, ప్రజల విరాళములతో, మనిషిని మోయదగిన రాకెట్టును చేయుచున్నది. ఇవి చిన్న విజయములు కావు. అయినను ఎత్తు వేరు, వేగము వేరు. నూరు కిలోమీటర్ల పైకి ఎగిరి క్రిందబడుటకు సెకండునకు ఒకటిన్నర కిలోమీటరు వేగము చాలును. భూమిచుట్టు తిరుగుటకు దాదాపు ఎనిమిది కిలోమీటర్ల వేగము కావలెను. వేగము అయిదింతలైనచో దానికి తగిన శక్తి ఇరువదియైదింతలగును. ఉట్టికెగురలేనమ్మ స్వర్గమునకెగురునా అని తెలుగున సామెత. ఇక్కడ ఉట్టి భూకక్ష్య; దానిని స్వంత రాకెట్టుతో అందుకొన్న ఔత్సాహిక బృందము ఒక్కటియు లేదు.

కక్ష్యనుండి చంద్రునివైపు మరలుటకు సెకండునకు ఇంకను మూడు కిలోమీటర్లు, చంద్రుని చేరి మెల్లగా దిగుటకు మరి రెండున్నర పైచిలుకు కావలెను. అక్కడ గాలి లేదు. గొడుగు విప్పి దిగుటకు వీలు లేదు. గాలి నిరోధము, గురుత్వాకర్షణ తినివేయు నష్టము కూడ కలిపినచో మొత్తము పదునైదు కిలోమీటర్లకు చేరును. రాకెట్టు మంటలు సెకండునకు మూడు కిలోమీటర్ల వేగమున వెలువడునని అనుకొన్నచో, కలూగా పంతులు సూత్రము ప్రకారము ఒక కిలో బరువు చంద్రునిపై దిగుటకు భూమినుండి 148 కిలోలు బయలుదేరవలెను. తొట్లు, యంత్రములు, పనితీరిన భాగముల బరువును కలిపిన ఈ సంఖ్య ఇంకను పెరుగును. 2023లో చంద్రయాన్–3 నౌక బరువు 3,900 కిలోలు. దానిని భూమిచుట్టు దీర్ఘకక్ష్యలో విడిచిన వాహనము బరువు 640 టన్నులు. ఈ లెక్కకు ధనికుడు, దరిద్రుడు అను భేదము లేదు. ఉత్సాహము చూచి అది కరుణింపదు.

కనుకనే తెలివిగల ఔత్సాహికులు తమ స్వంతబండి కట్టుట మాని, పోవుచున్న బండిలో మూల స్థలమడిగినారు. 1961 డిసెంబరు 12న ఒక అమెరికా సైనికోపగ్రహము వెంట, బరువు సరిపెట్టుటకు ఉంచెడి దిమ్మెకు మారుగా, రేడియో ఔత్సాహికులు ఇండ్లలో తయారు చేసికొన్న నాలుగున్నర కిలోల ఉపగ్రహము కక్ష్యకు పోయినది. అది మోర్సు సంకేతములలో ‘హాయ్’ అను పలకరింపును తప్ప మరేమియు చెప్పలేదు. దానిని ఇరువదియెనిమిది దేశములలో అయిదువందలమందికి పైగా విని వ్రాసికొన్నారు. భారతదేశము 2005 మే 5న శ్రీహరికోటనుండి ఔత్సాహికుల కొరకే హామ్‌శాట్ అను ఉపగ్రహమును పంపినది. 2014 వరకు అది పనిచేసినది. 2010 జూలై 12న ఎగిరిన స్టడ్‌శాట్ ఒక కిలోకు లోబడిన బరువు గలది. దానిని కర్ణాటక, ఆంధ్రప్రదేశములలోని ఏడు ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు కలిసి చేసినారు.

ఈ దారిననే వారు చంద్రుని కూడ సమీపించినారు. 2014 అక్టోబరులో లక్సెంబర్గునకు చెందిన ఒక చిన్న సంస్థ తయారుచేసిన 14 కిలోల పెట్టె, చీనా రాకెట్టు పైభాగమున అతికింపబడి చంద్రుని దాటిపోయినది. దాని సంకేతములను లోకమంతటి ఔత్సాహికులు విన్నారు. 2018 మే నెలలో చీనాలోని హార్బిన్ విద్యాసంస్థ విద్యార్థులు పాలుగొని చేసిన 47 కిలోల లాంగ్‌జియాంగ్–2 చంద్రుని చుట్టు కక్ష్యలో నిలిచినది. దాని జంటనౌక దారి తప్పినది. నిలిచిన నౌక 2019 ఫిబ్రవరిలో చంద్రుని ఆవలిముఖమును, దాని ప్రక్కన చిన్న నీలిబంతివలె భూమిని ఒకే చిత్రమున పట్టినది. ఆ చిత్రమును అందుకొన్నది 1956లో నెదర్లాండ్సున కట్టబడి, శాస్త్రజ్ఞులు విడిచిన తరువాత స్వచ్ఛందసేవకులు బాగుచేసికొని నడుపుచున్న రేడియో దూరదర్శిని. సేతువు కట్టునప్పుడు ఉడుత తెచ్చిన ఇసుకవంటిది ఈ సేవ. కాని ఉడుత సేతువును తానే కట్టినాననుకొనరాదు. బండి ఎవరిదో, బాడుగ ఎవరు చెల్లించిరో ఎరిగియుండవలెను.

చంద్రతలమున దిగుట మాట ఏమి? 2007 సెప్టెంబరు 13న ఇరువది మిలియను డాలర్ల ప్రథమ బహుమానముతో ఒక పోటీ ప్రకటింపబడినది. గూగుల్ సంస్థ ధనమిచ్చిన ఆ పోటీ నియమములు మూడు: చంద్రునిపై దిగవలెను, 500 మీటర్లు నడువవలెను, చిత్రములు పంపవలెను. ఖర్చులో నూటికి తొంబది పాళ్లు ప్రభుత్వేతరధనమై యుండవలెను. భారతదేశమునుండి పోటీలో చేరినది ఒక్కటే బృందము, టీమ్ ఇండస్. 2010లో రాహుల్ నారాయణ్ మొదలగు కొందరు మిత్రులు దానిని ఆరంభించినారు. చంద్రనౌకలు చేసిన అనుభవము వారికి లేదు. బెంగుళూరు చేరి, అంతరిక్షసంస్థలో ఉద్యోగవిరమణ చేసిన ఇంజనీర్లను పిలిచి, వారియొద్ద కూర్చుండి నేర్చుకొన్నారు. ముసలివారి అనుభవమును, పడుచువారి తెగువను ఒకచోట కలిపిన అట్టి పాఠశాల అరుదు. దిగుడు యంత్రాంగమునకు గాను 2015 జనవరిలో వారికి ఒక మిలియను డాలర్ల మధ్యంతర బహుమానము లభించినది. తమ చిన్న బండికి ‘ఒక చిన్ని ఆశ’ అను అర్థమువచ్చు హిందీ పేరు పెట్టినారు. 2016 డిసెంబరులో ప్రయోగమునకు ఒప్పందము కూడ కుదిరినది.

గడువు పలుమారులు పొడిగింపబడినది. 2018 మార్చి 31తో ముగియు ఆఖరి గడువులోపల ఎగురుటకు కావలసిన నిధులు సమకూడలేదు, ఒప్పందము నిలువలేదు. జపాను బృందపు బండి కూడ వీరి నౌకలోనే పోవలసియుండి, అదియు ఆగినది. ఏ బృందమును చంద్రుని చేరలేదు. బహుమానము ఎవరికిని ఈయకనే పోటీ ముగిసినది. పది సంవత్సరముల పోటీలో తేలిన లెక్క ఇది: ఇరువది మిలియనుల బహుమానమును గెలుచుటకు అంతకు కొన్ని రెట్లు వెచ్చింపవలెను.

ఆ పోటీలోని ఇస్రాయేలు బృందము మాత్రము గడువు ముగిసినను పని మానలేదు. దానిని 2010లో మువ్వురు యువ ఇంజనీర్లు మాటల నడుమ తలపెట్టినారు. మొదట అనుకొన్నది చాల చిన్న నౌక. ఎగిరిన నౌక బరువు 585 కిలోలు. అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇంధనమే. ఖర్చు నూరు మిలియను డాలర్లకు చేరినది, అధికభాగము దాతలిచ్చినది. 2019 ఫిబ్రవరిలో వేరొక ఉపగ్రహమునకు తోడుగా ఎగిరి, ఏప్రిల్ 4న అది చంద్రకక్ష్యలో చేరినది. ఏప్రిల్ 11న దిగుచుండగా వేగమును కొలుచు సాధనమొకటి చెడినది. దానిని సరిచేయబోగా ప్రధానయంత్రము ఆగినది. మరల వెలుగునప్పటికి ఎత్తు మిగులలేదు. నౌక నేలకు కొట్టుకొని నశించినది. దేశమంతయు కన్నులప్పగించి చూచుచుండగా నియంత్రణశాలలో నిశ్శబ్దము అలముకొన్నది.

అయిదు నెలలు గడువకముందే, 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున, బెంగుళూరులో అదే నిశ్శబ్దము వినబడినది. చంద్రయాన్–2 లోని విక్రమ్ చంద్రతలమునకు రెండు కిలోమీటర్ల ఎత్తునుండి మాట మానినది. ఔత్సాహికుల నౌకయు, రాజ్యపు నౌకయు ఒకే ఏడు, ఒకే ఘట్టమున, కడపటి నిమిషములలో కూలినవి. ఇంతవరకు ఇద్దరును సమానులే. భేదము తరువాత వచ్చినది. భారతసంస్థ పొరపాట్లను ఒక్కొక్కటిగా వెదకి, కాళ్లను బలపరచి, ఇంధనము పెంచి, దిగుస్థలమును విశాలము చేసి, సుమారు 615 కోట్ల వ్యయముతో 2023 ఆగస్టు 23న చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున చంద్రయాన్–3ను దింపినది. ఇస్రాయేలు బృందము రెండవ నౌకను తలపెట్టినది. 2023లోనే ప్రధానదాతలు తప్పుకొనగా ఆ ప్రయత్నము ఆగినది.

అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. చంద్రనౌక వెల ఒక నౌక వెల కాదు. ఓడిపోయి మరల లేచుటకు కావలసిన వెల. అమెరికావారి రేంజర్ నౌకలు వరుసగా ఆరు విఫలమై, ఏడవది 1964 జూలైలో సఫలమైనది. ఆరు ఓటములను భరింపగల ఔత్సాహికసంఘము ఎక్కడ ఉండును? ధైర్యమునకు గాని, ప్రతిభకు గాని, గణితమునకు గాని ఔత్సాహికులు రాజ్యములకు తీసిపోలేదు. కొరవడినది రెండవ అవకాశము. దానిని కొనుటకు చాలినంత ధనము రాజ్యముల యొద్దను, రాజ్యములను నమ్ముకొన్న వర్తకసంస్థల యొద్దను మాత్రమే ఉన్నది. పోటీలో పాల్గొన్న జపాను బృందపు వారసులైన సంస్థ నౌకలు 2023 ఏప్రిల్‌లోను, 2025 జూన్‌లోను రెండుమారులు కూలినవి. 2025 మార్చి 2న నిటారుగా చంద్రునిపై దిగి చక్కగా పనిచేసిన అమెరికా ప్రైవేటు నౌకకు బాడుగ చెల్లించినది ఆ దేశపు ప్రభుత్వ అంతరిక్షసంస్థ. వీరిని ఔత్సాహికులనుట మాటను సాగదీయుటయే.

అట్లని ప్రశ్నకు కాదని ఒక్కమాటలో చెప్పుట కూడ న్యాయము కాదు. చంద్రునికి పోవు నౌకను రూపొందించుట ఔత్సాహికులకు సాధ్యమని 1939లోనే తేలినది. చంద్రుని చుట్టు తిరుగు చిన్ననౌకను, ఇతరుల రాకెట్టుపై, విద్యార్థులు పాలుగొని నిర్మింపవచ్చునని 2018లో తేలినది. దిగునౌకను కడపటి నిమిషమువరకు నడుపవచ్చునని 2019లో తేలినది. స్వంత రాకెట్టుతో, స్వల్పధనముతో, నేలనుండి చంద్రతలమువరకు పోవుట మాత్రము ఇంతవరకు ఎవరికిని సాధ్యము కాలేదు. ప్రకృతిలెక్క మారదు కనుక, రాకెట్టు వెల మిక్కిలి తగ్గినగాని ఇకముందు కూడ సాధ్యమగునని చెప్పుటకు ఆధారము కనబడదు.

ఈ చరిత్రనుండి నేర్వదగిన పాఠము వ్యయమునుగూర్చినది మాత్రమే కాదు. ఔత్సాహికుడు పేదవాడు కనుక అతనికి ధనమిచ్చువారు దొరకుదురు. ఇచ్చినవారు ఊరక ఈయరు. బెర్లిను శివార్లలోని పిల్లలు చంద్రుని అడిగినారు, సైన్యము వారికి గుహలను ఇచ్చినది. మాస్కో నేలమాళిగవారు పేరు పోగొట్టుకొన్నారు. కలకత్తా దంతవైద్యుడు కోడిని ఏరు దాటించి, తన పేరును, తన స్వేచ్ఛను నిలుపుకొన్నాడు. రాజ్యము చంద్రుని చేరగలదు. కాని చంద్రుని ఎందుకు చేరవలెనని, ఎవరి సొమ్ముతో, ఎవరి మేలుకొరకని అడుగుటకు రాజ్యమునకు తీరిక ఉండదు. ఆ ప్రశ్నను జీతము లేనివాడే నిర్భయముగా అడుగగలడు. శ్రీహరికోటలో మహావాహనము లేచునప్పుడు, పులికాటు ఒడ్డున తాము చేసిన కిలోబరువు పెట్టె సంకేతము కొరకు చెవియొగ్గి కూర్చున్న విద్యార్థులు కొందరున్నంతకాలము, ఆ పని కేవలము రాజ్యముది కాక ప్రజలది కూడ అగును.